గండి పూడ్చు విద్య

డెబ్బది కిలోల బరువు గల మనుష్యుని దేహమందు ప్రవహించు రక్తము రమారమి ఐదు లీటర్లు. చిన్న బిందెడు నీటికంటె అది ఎక్కువ కాదు. అందులో అరలీటరు పోయినను ఆరోగ్యవంతుడు తట్టుకొనగలడు. రక్తదానము చేయువారు ఇంచుమించు అంత ఇచ్చి, కొంతసేపు విశ్రమించి, నడచి ఇంటికి పోవుచునే యున్నారు. రెండు లీటర్లు పోయినచో మాత్రము ప్రాణము నిలుచుట కష్టము. తొడలోని పెద్ద ధమని తెగినపుడు ఆ రెండు లీటర్లు పోవుటకు గంటలు పట్టవు. కొన్ని నిమిషములు చాలును. ప్రమాద చికిత్స యను వైద్యశాఖ యావత్తును ఈ లీటర్ల లెక్కకును ఆ నిమిషముల లెక్కకును నడుమ పుట్టి పెరిగినది.

చెరువు క్రింద సేద్యము చేయు రైతునకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. కట్టకు గండి పడిన రాత్రి అతడు చెరువులోనికి క్రొత్త నీరు తెచ్చుటను గూర్చి ఆలోచింపడు. ఊరివారిని కేకవేసి, ఇసుక బస్తాలో, తాటి మొద్దులో, ముళ్ల కంపయో, చేతికి దొరికినది తెచ్చి ముందుగా గండి పూడ్చును. చెరువు నింపుట తరువాతి పని. ఇంత తేలికయైన న్యాయము వైద్యులకు పూర్తిగా ఒంటబట్టుటకు ఇంచుమించు ఒక శతాబ్దము పట్టినదనిన ఆశ్చర్యము కలుగవచ్చును. ప్రమాదమున గాయపడి ఆసుపత్రి చేరిన పిమ్మట మరణించు వారిలో రమారమి మూడవ వంతు మంది కేవలము నెత్తురు పోవుట చేతనే మరణించుచున్నారు. అందువలన ఆ ఆలస్యపు కథ తెలిసికొనదగినది.

నీరు పోసిన కాలము

మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఫ్రాన్సు రణరంగమందు పనిచేసిన అమెరికా శరీరధర్మ శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్, తన సహచరులతో కలిసి 1918లో ఒక హెచ్చరిక చేసెను. రక్తము కారుచున్న చోటు శస్త్రవైద్యుని చేతికి అందక మునుపే సిరలలోనికి ద్రవము నెక్కించి రక్తపీడనమును పెంచినచో, అప్పటికి ఆగియున్న నెత్తురు మరల కారుననియు, శరీరమునకు అక్కరకు రావలసిన రక్తము వృథా యగుననియు దాని సారము. ఆ మాట గ్రంథములలో మిగిలినది గాని ఆచరణలో నిలువలేదు. తరువాతి దశాబ్దములలో, గాయపడిన వాని రెండు చేతులకును లావుపాటి సూదులు గుచ్చి, ఉప్పునీటి సీసాలు ఒకదాని వెంట ఒకటి ఎక్కించుట అనేక దేశములలో ఆచారమైనది. రక్తపీడనపు అంకె పెరిగిన కొలది వైద్యునకు ధైర్యము కలిగెడిది. ఆ అంకె పెరుగుట రోగికి మేలో, కీడో పరీక్షించి చూచినవారు అరుదు.

అట్టి పరీక్ష అమెరికాలోని హ్యూస్టన్ నగరమున జరిగెను. విలియం బికెల్, ఆయన సహచరులు 1994లో దాని ఫలితములను ప్రకటించిరి. కత్తిపోటో, తుపాకి గుండో మొండెమునకు తగిలి, రక్తపీడనము 90కి మించని 598 మంది రోగులను, వారు గాయపడిన తేదీని బట్టి, దినము విడిచి దినము రెండు వర్గములుగా విభజించిరి. ఒక వర్గమునకు దారిలోనే ద్రవము నెక్కించిరి. రెండవ వర్గమునకు శస్త్రచికిత్స బల్ల మీదికి చేరువరకు ఎక్కింపలేదు. వెంటనే ద్రవము పొందిన వారిలో నూటికి 62 మంది బ్రతికిరి. ఆగిన వారిలో నూటికి 70 మంది బ్రతికిరి. తొందరపడి చేసిన ఉపకారము కొందరి పాలిట అపకారమైనదని స్పష్టమైనది.

దీనికి కారణములు మూడు. తెగిన నాళము మొదట శరీరము ఒక మెత్తని రక్తపు గడ్డను నిలుపును. పీడనము హఠాత్తుగా పెరిగినచో ఆ గడ్డ ఊడిపోవును. రెండవది, ఉప్పునీరు కలిసిన కొలది రక్తములోని గడ్డకట్టించు పదార్థములు పలుచబడును. మూడవది, సీసాలోని చల్లని నీరు దేహమును చల్లబరచును. చల్లబడిన రక్తము గడ్డకట్టదు. నెత్తురు పోయిన దేహములో ఆమ్లము పెరుగును. ఆమ్లము పెరిగిన రక్తమును గడ్డకట్టదు. చలి, ఆమ్లము, గడ్డకట్టని నెత్తురు అను ఈ మూడును ఒకదానినొకటి పెంచుకొనుచు పోవును గనుక, శస్త్రవైద్యులు వీనిని ప్రాణాంతకమైన త్రయమని వ్యవహరింతురు. గాయపడిన వానిని కంబళితో కప్పుట కేవలము జాలికొద్ది చేయు పని కాదు, అదియు చికిత్సయే.

ఈ పరీక్ష కత్తిపోట్లకు, గుండు దెబ్బలకు సంబంధించినది. తలకు దెబ్బ తగిలిన వారి విషయము వేరు. మెదడునకు రక్తము చాలనిచో వారికి మరింత హాని కలుగును. అయినను దీని తరువాత వైద్యుల దృష్టి మారెను. పోయినది నెత్తురైనపుడు నీటికి బదులు నెత్తురే ఇవ్వవలెనను ఆలోచన బలపడెను. ఉత్తర అమెరికాలోని 12 ప్రమాద చికిత్సా కేంద్రములలో 680 మందిపై జరిగిన పరిశోధన 2015లో వెలువడెను. ఎర్రకణములు, ప్లాస్మా, రక్తఫలకికలు అను మూడింటిని సమపాళ్లలో ఇచ్చినపుడు, మొదటి 24 గంటలలో నెత్తురు పోయి మరణించిన వారు నూటికి 9.2, ఎర్రకణములు రెట్టింపు పాలు ఇచ్చినపుడు 14.6. నెల దినముల మొత్తము మరణములలో మాత్రము నిశ్చయముగా చెప్పదగిన భేదము కనబడలేదు. విజ్ఞానము ఒక్కొక్కపుడు ఇట్లు సగము మాటయే చెప్పును.

కట్టు పదార్థము, కరగించు పదార్థము

రక్తము గడ్డకట్టు విధానము విద్యార్థులు పాఠములలో చదివినదే. నాళము తెగిన చోట రక్తఫలకికలు గుమిగూడును. పిదప ఫైబ్రిన్ అను సన్నని దారములు అల్లుకొని, వాని నడుమ ఎర్రకణములు చిక్కుకొని గడ్డ ఏర్పడును. పాఠ్యపుస్తకము సాధారణముగా అక్కడ ఆగును. శరీరము అక్కడ ఆగదు. కట్టిన గడ్డ శాశ్వతముగా ఉన్నచో నాళము మూసికొనిపోవును గనుక, దానిని కరగించుటకు ప్లాస్మిన్ అను మరియొక పదార్థమును సిద్ధము చేయును. కట్టుట, కరగించుట అను ఈ రెండు పనులును తూకములో నున్నంతకాలము దేహమునకు క్షేమము. పెద్ద ప్రమాదమున ఆ తూకము చెడును. కొందరిలో గాయమైన కొలది నిమిషములకే ప్లాస్మిన్ విజృంభించి, ఎంత కష్టపడి కట్టిన గడ్డనైనను అప్పటికప్పుడు కరగించివేయును. ఒకవైపు జనులు గండి పూడ్చుచుండగా వేరొకవైపు ఎవరో ఆ మట్టిని త్రవ్విపోయుచున్నట్లు అగును.

ప్లాస్మిన్ తన పని చేయవలెననిన, ముందుగా ఫైబ్రిన్ దారమును పట్టుకొనవలెను. ఆ దారముపై లైసిన్ అను అమైనో ఆమ్లమున్న చోట్లే దానికి పట్టుకొమ్ములు. లైసిన్‌ను పోలిన వేరొక పదార్థమును రక్తములోనికి పంపినచో, అది ముందుగా పోయి పట్టు దొరకకుండ చేయును; గడ్డ నిలుచును. ఈ ఉపాయమును కనుగొన్న వారు జపాను దేశపు దంపతులు, షోసుకే ఒకామోతో, ఉటాకో ఒకామోతో.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత జపాను దేశము శిథిలమై యుండెను. టోకియోలోని కెయో విశ్వవిద్యాలయమున పనిచేయుచున్న ఈ దంపతులకు పరికరములు లేవు, ధనము లేదు. పరిశోధనకు ఏ విషయమును ఎన్నుకొనవలెనని ఆలోచించి, వారు రక్తమును ఎన్నుకొనిరి. రక్తము చాలనిచో తమ దేహములలో నున్నదే తీసికొనవచ్చునని ఉటాకో వార్ధక్యమున చెప్పుకొనెను. పసిబిడ్డను వీపున కట్టుకొని ఆమె ప్రయోగశాలలో పనిచేసెను. స్త్రీ శాస్త్రజ్ఞురాలగుటను పరిహసించు సభలలో ఓర్పుతో నిలిచెను. లైసిన్ నుండి ఆరంభించి, ఒకదాని తరువాత ఒకటిగా అనేక పదార్థములను పరీక్షించి, తుదకు 1962లో ట్రానెక్సామిక్ ఆమ్లమును లోకమునకు వెల్లడించిరి. అంతకు మునుపు వారే కనుగొన్న మందుకంటె ఇది అనేక రెట్లు శక్తి గలది.

ఉటాకో మనస్సులో నుండినది కాన్పు సమయమున నెత్తురు పోయి మరణించు తల్లుల సంగతి. ఆ మందును అట్టి స్త్రీలపై పరీక్షింపుడని ఆమె కోబె నగరపు ప్రసూతి వైద్యులను కోరెను. వారు ఒప్పుకొనలేదు. మందు దంతవైద్యమునకు, అధిక రుతుస్రావమునకు, కొన్ని శస్త్రచికిత్సలకు ఉపయోగపడుచు వచ్చెను. పేటెంటు హక్కుల గడువు తీరెను, ధర తగ్గెను. రోడ్డు మీద నెత్తురు కారుచు పడియున్న మనుష్యునికి అది పనికివచ్చునా యని పెద్ద ఎత్తున అడిగినవారు నలుబది సంవత్సరములకు పైగా లేకపోయిరి.

ఇరువది వేలమంది చెప్పిన సమాధానము

ఆ ప్రశ్న అడిగినది లండను నగరములోని ఆరోగ్య, ఉష్ణమండల వైద్య విద్యాలయమున పనిచేయుచున్న ఇయన్ రాబర్ట్స్, హలీమా షకూర్ మొదలగువారు. వారు నడిపిన పరిశోధనకు క్రాష్-2 అని పేరు. 40 దేశములలోని 274 ఆసుపత్రులు, 20,211 మంది గాయపడినవారు ఇందు చేరిరి. భారతదేశపు ఆసుపత్రులును ఇందు పాల్గొనెను. సగము మందికి ట్రానెక్సామిక్ ఆమ్లము, తక్కిన సగము మందికి చూచుటకు దానినే పోలిన, మందు లేని ఉత్త ద్రవము ఇచ్చిరి. ఎవరికి ఏది అందినదో రోగికిని తెలియదు, వైద్యునికిని తెలియదు. వైద్యుని ఆశ గాని, రోగి నమ్మకము గాని ఫలితమును వంచకుండుటకు ఈ కట్టుబాటు. ఇట్టి పరీక్షలో ఇంతమంది ఎందులకని విద్యార్థి అడుగవచ్చును. నూరుమందిలో ఒకరిద్దరిని కాపాడు మందు గుణము నూరుమందిని చూచినంత మాత్రమున తెలియదు. అది యాదృచ్ఛికము కావచ్చును. వేలమందిని చూచినపుడే నిజము తేలును.

2010లో ఫలితము వెలువడెను. మందు పొందనివారిలో నూటికి 16 మంది మరణింపగా, పొందినవారిలో 14.5 మంది మరణించిరి. అనగా వేయిమందిలో పదునైదుగురు ఎక్కువగా బ్రతికిరి. అంకె చిన్నదిగా కనబడవచ్చును గాని, ప్రపంచమున గాయముల వలన సంవత్సరమునకు 40 లక్షలకు పైగా మరణించుచున్నారని జ్ఞప్తియందుంచుకొన్నచో దాని విలువ తెలియును. అవసరము లేని చోట రక్తము గడ్డకట్టి గుండెపోటు, పక్షవాతము వంటివి పెరుగునేమో యను భయము ఆ పరిశోధనలో నిజము కాలేదు. మరుసటి సంవత్సరము, 2011లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ మందును గాయపడినవారి నిమిత్తము అత్యవసర ఔషధముల పట్టికలో చేర్చెను.

అయితే లెక్కలను కాలమును బట్టి విడదీసి చూచినపుడు 2011లో మరియొక సంగతి బయటపడెను. గాయమైన గంటలోపున మందు పొందినవారిలో నెత్తురు పోయి మరణించినవారు నూటికి 5.3, పొందనివారిలో 7.7. ఒక గంట నుండి మూడు గంటల లోపున ఆ అంకెలు 4.8, 6.1. మూడు గంటలు దాటిన తరువాత లెక్క తిరుగబడెను: మందు పొందినవారిలో 4.4, పొందనివారిలో 3.1. ఏ మందు మొదటి గంటలో ప్రాణదాతయో, అదియే నాలుగవ గంటలో హాని చేయునదైనది. 2018లో 40,138 మంది రోగుల వివరములను కలిపి చూచినవారు, చికిత్స పదునైదు నిమిషములు ఆలస్యమైన కొలది దాని వలని లాభము నూటికి పది వంతున తగ్గుచు, మూడు గంటలకు పూర్తిగా హరించుకొనిపోవునని తేల్చిరి.

తల్లుల విషయమున ఉటాకో అడిగిన ప్రశ్నకును చివరకు సమాధానము వచ్చెను. 21 దేశములలోని 193 ఆసుపత్రులలో, కాన్పు పిదప అధిక రక్తస్రావమైన 20,060 మంది స్త్రీలపై జరిగిన పరిశోధన 2017 ఏప్రిల్‌లో వెలువడెను. మూడు గంటలలోపున మందు పొందినవారిలో రక్తస్రావ మరణములు నూటికి 1.7 నుండి 1.2కు తగ్గెను. ఆ సంవత్సరమే ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సూచనలను సవరించెను. ఉటాకో ఒకామోతో అంతకు ఒక సంవత్సరము ముందు, 2016 ఏప్రిల్‌లో, తన 98వ యేట మరణించెను. పరిశోధన జరుగుచున్నదని ఆమె ఎరుగును. ఫలితమును మాత్రము చూడలేదు.

ఈ మందు సర్వరోగ నివారిణి కాదని చెప్పుట అవసరము. 29 దేశములలో 12,737 మందిపై జరిగి 2019లో వెలువడిన పరిశోధనలో, తలకు ఒక మోస్తరు దెబ్బ తగిలినవారికి త్వరగా ఇచ్చినచో మేలు కనబడెను; తీవ్రమైన దెబ్బ తగిలినవారికి కనబడలేదు. కడుపులో, ప్రేగులలో నెత్తురు పోవు 12,009 మందిపై జరిగి 2020లో వెలువడిన పరిశోధనలో అసలే లాభము లేదు, సిరలలో గడ్డలు మాత్రము కొంత పెరిగెను. ఒకచోట పనిచేసిన మందు మరియొకచోట పనిచేయునని ఊహించుట సులభము. పరీక్షించుటయే కష్టము, అవసరము.

2023లో వెలువడిన వేరొక పరిశోధన మందు కంటెను చూపు ముఖ్యమని చెప్పుచున్నది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియా దేశములలోని 80 ఆసుపత్రులలో 2,10,132 కాన్పులను పరిశీలించిరి. కొన్ని ఆసుపత్రులలో కాన్పైన స్త్రీ క్రింద కొలత గీతలు గల ప్లాస్టిక్ తొడుగును పరచి, పోయిన నెత్తురును కంటి అంచనాతో గాక కొలిచి చూచిరి. హద్దు దాటిన వెంటనే గర్భాశయమును మర్దన చేయుట, ముడుచుకొనుటకు మందు, ట్రానెక్సామిక్ ఆమ్లము, ద్రవము, పరీక్ష, అన్నియు ఒక్కసారిగా ఆరంభించిరి. తీవ్ర రక్తస్రావము, దాని వలని శస్త్రచికిత్స లేక మరణము నూటికి 4.3 నుండి 1.6కు తగ్గెను. అందులో క్రొత్త మందు ఒక్కటియు లేదు. ఉన్నవానిని ఆలస్యము లేక వాడుటయే అందలి క్రొత్తదనము.

చేతితో చేయు వైద్యము

మందు ఎంత చవకయైనను అది సిర ద్వారా ఎక్కవలెను; దానికి శిక్షణ పొందినవారు కావలెను. అంతవరకు గండిని ఆపు పని దగ్గరనున్న వానిదే. చేతులకు, కాళ్లకు గాయమైనపుడు పైన బిగించి కట్టుట పూర్వము నుండి యున్న పద్ధతి. ఫ్రాన్సు శస్త్రవైద్యుడు జాఁ లూయీ పెటీ 1718లో మరతో బిగించు పట్టీని తయారుచేసి దానికి టూర్నికే అను పేరు పెట్టెను. తరువాతి కాలమున ఆ కట్టు వలన అవయవము చచ్చిపోవునను భయము వ్యాపించి, ఇరువదవ శతాబ్దమున చాల ప్రథమ చికిత్సా బోధనలు దానిని చిట్టచివరి ఉపాయముగా నిలిపెను.

బాగ్దాదులోని సైనిక ఆసుపత్రిలో 2006లో 232 మంది క్షతగాత్రులను జాన్ క్రాగ్, ఆయన సహచరులు పరిశీలించి 2009లో ప్రకటించిన లెక్కలు ఆ భయమును చాలవరకు తొలగించెను. నెత్తురు పోయి దేహము కుదేలు కాకమునుపే కట్టు కట్టినవారిలో నూటికి 90 మంది బ్రతికిరి. కుదేలైన పిదప కట్టినవారిలో 10 మంది మాత్రమే బ్రతికిరి. కేవలము కట్టు కారణముగా చేయి గాని, కాలు గాని తీసివేయవలసి వచ్చిన రోగి ఒక్కడును లేడు. కట్టు అదియే; కట్టిన వేళ మాత్రము వేరు.

ఈ విద్యను సైనికుల నుండి పౌరులకు తెచ్చిన సంఘటన ఒక పాఠశాలకు సంబంధించినది. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున, న్యూటౌన్ పట్టణపు ప్రాథమిక పాఠశాలలో 2012 డిసెంబరున జరిగిన కాల్పులలో 20 మంది పిల్లలు, ఆరుగురు ఉపాధ్యాయులు, సిబ్బంది మరణించిరి. ఆ రాష్ట్రమునకే చెందిన శస్త్రవైద్యుడు లెన్వర్త్ జేకబ్స్ నాయకత్వమున 2013లో హార్ట్‌ఫర్డు నగరమున సమావేశమైన వైద్యులు, రక్షకదళమువారు, నెత్తురు ఆపు విద్య ప్రతి పౌరునికి రావలెనని నిర్ణయించిరి. 2015లో అది దేశవ్యాప్తమైన ఉద్యమముగా ఆరంభమైనది. దాని పాఠ్యక్రమము చాల చిన్నది, పది పన్నెండేండ్ల పిల్లలకును అర్థమగునది.

దారిలో పోవు కాలము

బాల్టిమోరు నగరపు శస్త్రవైద్యుడు ఆడమ్స్ కౌలీ గాయమైన తరువాతి మొదటి గంటను బంగారు గడియ యని ప్రచారము చేసెను. సరిగా అరువది నిమిషములే ఎందుకనుటకు గట్టి ఆధారము లేదని 2001లో పరిశీలకులు ఎత్తిచూపిరి. ఆ విమర్శ న్యాయమైనదే. తొడ ధమని తెగినవానికి గంట చాల దీర్ఘమైన కాలము; ఎముక మాత్రమే విరిగినవానికి గంట దాటినను ప్రాణభయము లేకపోవచ్చును. అయినను త్వరపడవలెనను మూలసూత్రము నిలిచియున్నది. భారతదేశమున 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టమందును బంగారు గడియకు ఒక గంట యను నిర్వచనము కలదు.

భారతదేశమున 2022వ సంవత్సరమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరని కేంద్ర ప్రభుత్వపు లెక్క. చాలకాలము ఇట్టి బాధితులకు అడ్డు వచ్చినది వైద్యవిద్య లేకపోవుట కాదు, భయము. స్కూటరు ప్రమాదమున గాయపడిన ఒకనిని ఒక ఆసుపత్రివారు, ఇది పోలీసు వ్యవహారమని చేర్చుకొనక, ఇరువది కిలోమీటర్ల దూరమున నున్న వేరొక ఆసుపత్రికి పంపగా అతడు దారిలో మరణించెను. ఆ వార్త చదివిన ఒక పౌరుడు న్యాయస్థానమును ఆశ్రయింపగా, 1989లో సుప్రీంకోర్టు, ప్రాణరక్షణకు ముందు ఏ లాంఛనమును అడ్డు రారాదని, ప్రభుత్వ వైద్యుడైనను, ప్రైవేటు వైద్యుడైనను వెంటనే చికిత్స చేయవలెనని తీర్పు చెప్పెను. బాధితుని ఆసుపత్రికి చేర్చిన బాటసారి కేసులలో చిక్కుకొనకుండ 2016 మార్చి 30న అదే న్యాయస్థానము రక్షణ కల్పించెను. 2019 నాటి చట్టసవరణ ఆ రక్షణను చట్టములోనికే తెచ్చెను. సదుద్దేశముతో సాయపడినవాడు తన పేరు, చిరునామా చెప్పవలెనని బలవంతపెట్టరాదు.

బండి విషయమున తెలుగువారి పాత్ర స్మరింపదగినది. 2005 ఆగస్టు 15న హైదరాబాదు కేంద్రముగా ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 108 అంబులెన్సు సేవ ఆరంభమైనది. జపమాల పూసల సంఖ్యయైన ఆ అంకె పల్లెలలో సైతము సులభముగా జ్ఞాపకముండెను. పిదప అనేక రాష్ట్రములు ఆ పద్ధతిని అనుసరించెను. దీని ముఖ్యగుణము వేగము ఒక్కటియే కాదు. బండిలో శిక్షణ పొందిన మనుష్యుడుండుట. రోగి ఆసుపత్రికి చేరకమునుపే ఆసుపత్రి రోగివద్దకు వచ్చుట యనునది ఇందలి భావము.

తరగతిలో నేర్పదగినది

ఈ పరిశోధనలన్నియు సామాన్యునికి అందించు పాఠము కొద్ది మాటలలో చెప్పవచ్చును. ముందుగా 108కి ఫోను చేయవలెను, లేక ఇంకొకరిచే చేయింపవలెను. నెత్తురు ఎక్కడనుండి వచ్చుచున్నదో బట్ట తొలగించి చూడవలెను. శుభ్రమైన గుడ్డను గాయముపై ఉంచి రెండు అరచేతులతో, దేహపు బరువంతయు మోపి, ఎడతెగక నొక్కవలెను. గుడ్డ తడిసినచో తీసివేయక దానిపై ఇంకొకటి పెట్టి నొక్కవలెను. చేయి, కాలు తెగి నెత్తురు చిమ్ముచు, నొక్కినను ఆగనిచో, గాయమునకు రెండు మూడు అంగుళముల పైన, కీలు మీద గాక, వెడల్పైన పట్టీతో నెత్తురు ఆగువరకు బిగించి, కట్టిన వేళను వ్రాసి ఉంచవలెను. వైద్యుడు వచ్చువరకు దానిని వదులు చేయరాదు. సన్నని తాడు, తీగ కోసుకొనిపోవును గనుక వాడరాదు. ఛాతీకి, కడుపునకు తగిలిన లోతైన గాయములలో గుడ్డలు కూరరాదు. వారికి కావలసినది శస్త్రవైద్యుడు, అది ఎంత త్వరగా నైన అంత మంచిది.

మానవలసిన అలవాట్లును కొన్ని కలవు. ధారగా కారు గాయముపై కాఫీ పొడి, పసుపు, సున్నము వేయుట వలన ఒత్తిడి పెట్టవలసిన కాలము పోవును, గాయము మలినమగును. పడియున్నవానికి నీరు త్రాగించుట తెలుగువారి దయాగుణమునకు సహజము. కాని తెలివి తప్పినవాని గొంతులో నీరు ఊపిరితిత్తులలోనికి పోవచ్చును, శస్త్రచికిత్సకు ముందు నిండిన కడుపు మత్తుమందు ఇచ్చునపుడు ప్రమాదకరము. పెదవులు తడిపి, కప్పి, ధైర్యము చెప్పుట మేలు.

పాఠశాలలో దీనిని నేర్పుటకు పరికరములతో పనిలేదు. చుట్టిన దుప్పటి ఒకటి, పాత పంచెముక్క ఒకటి, గోడ గడియారము ఒకటి చాలును. జీవశాస్త్రపు తరగతిలో రక్తప్రసరణ పాఠము ముగిసిన నాడు ఉపాధ్యాయుడు ఒక విద్యార్థిని పిలిచి, దుప్పటి చుట్టపై పంచెముక్క ఉంచి, పది నిమిషములు చేయి తీయక నొక్కుమని చెప్పవచ్చును. రెండవ నిమిషమునకు చేతులు నొప్పి పుట్టును. నాలుగవ నిమిషమున, ఆగినదేమో చూతమని గుడ్డ ఎత్తబుద్ధి పుట్టును. అప్పుడు ఎత్తినచో కట్టుచున్న గడ్డ ఊడునని తరగతి అంతయు అతనికి గుర్తు చేయవలెను. ఐదవ నిమిషమున ఇంకొకడు వచ్చి, మొదటివాని చేతులపై తన చేతులుంచి, ఒత్తిడి తగ్గకుండ పని అందుకొనవలెను. పది నిమిషములు ఎంత దీర్ఘమైనవో, ఒక్కనికి కష్టమైన పని ఇద్దరికి ఎట్లు సాధ్యమగునో ఆ పిల్లలు మరువరు.